పొలిమేర దీపం

రేవుపాళెం,
కోట మీదుగా,
ఫిబ్రవరి 1960

శేషక్కకు పద్మనాభం నమస్కారాలు.

ఈ ఊరు వచ్చి చేరాను. శానిటరీ ఇన్‌స్పెక్టరుకు ఊరు మారుతుంది గానీ ఉద్యోగం మారదు. గూడూరులో వదిలి వచ్చిన చెత్త నాకంటే ముందే ఇక్కడ దిగి కాచుకుని ఉంది. సంతవీధిలో కుళ్ళిన వంకాయలు, హోటళ్ళ ఎంగిలి విస్తళ్ళు, బందెలదొడ్డి పేడ, రేవు వైపు పోతే చేపల పొట్టలు. పంచాయతీకి ఒక ఎడ్లబండి ఉంది, దాన్ని తోలే ముత్యాలయ్య ఉన్నాడు. చెత్తంతా పొలిమేర దాటించి దిబ్బ మీద పోసి రావడం అతని పని, పోశాడా లేదా అని చూడడం నా పని. ఇద్దరిలో ఎవరి బట్టలు ఎక్కువ కంపు కొడతాయో చెప్పడం కష్టం.

మన చెల్లి మస్తానమ్మను చూశాను. మొగుడు పోయాక నీ ఇంటా ఉండక, నా ఇంటా ఉండక, జాలరి పిల్లల హాస్టల్లో వంటకు చేరినప్పుడు మనమిద్దరం ఎంత నొచ్చుకున్నామో. ఇక్కడ చూస్తే బాగానే ఉంది. పిల్లలు దాని కొంగు వదలరు. పొగకు కళ్ళు కాస్త ఎర్రబడ్డాయి, అంతే.

ఒక సంగతి చెబితే నవ్వకూడదు. నెల్లూరులో ఖాదీవాళ్ళు పేడ తొట్టి కట్టి, అందులో పుట్టిన గ్యాసుతో దీపం వెలిగించి చూపించారు. పేడతో అయ్యే పని ఊరి చెత్తతో ఎందుకు కాదని అప్పటినుంచి నా బుర్రలో ఒక పురుగు తొలుస్తోంది. ఇన్నేళ్ళూ చెత్తను ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చడం తప్ప నేను చేసిందేమీ లేదు.

నీ తమ్ముడు
పద్మనాభయ్య


విడవలూరు,
మార్చి 1960

చిరంజీవి పద్మనాభానికి,

క్షేమమని రాస్తే నమ్మవు, కాదని రాస్తే పరుగెత్తుకొస్తావు. కనుక ఆ మాట వదిలేస్తున్నాను. కోతలు అయ్యాయి. మీ బావ ఉన్నప్పుడు ఆయన కేక వేస్తే జరిగిన పని ఇప్పుడు నేను పది కేకలు వేస్తే సగం జరుగుతోంది. గొంతు పోయింది. ఉత్తరానికి గొంతు అక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

చెత్తలోంచి దీపమన్నావు, నేనెందుకు నవ్వుతాను. దీపావళినాడు పెంటదిబ్బ మీద దీపం పెట్టి దండం పెట్టుకునే ఇల్లు మనది. శుక్రవారం పూట దిబ్బలోంచి గంపెడు ఎరువు ఎవరు అడిగినా నాన్న ఇచ్చేవాడు కాదు, లక్ష్మి వెళ్ళిపోతుందని. నువ్వు ఇంగ్లీషు పుస్తకాలు చదివి ఇప్పుడు అక్కడికి వచ్చావు. సంతోషం.

కానీ కళ్ళు కాస్త ఎర్రబడ్డాయని రాశావు చూడు, అక్కడ నాకు అన్నం సయించలేదు. నీ 'కాస్త' నాకు కొత్త కాదు. నాన్నకు కాస్త నలతగా ఉందని రాశావు. నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. ఉన్నది ఉన్నట్టు రాయి.

అక్క
వెంకటశేషమ్మ


రేవుపాళెం,
మే 1960

శేషక్కా,

ఇక దాచను. నీకు రాయవద్దని మస్తానమ్మ నాచేత ఒట్టు పెట్టించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.

నెల్లూరు తీసుకుపోయి కంటి డాక్టరుకు చూపించాను. ఎడమకంటి మీద పొర కమ్మింది. రెప్పల లోపల పాత కురుపులున్నాయట, వాటిమీద రోజూ పొగ. ఈ పొగలోంచి బయటపడకపోతే రెండో కన్నూ ఇదే దారి పడుతుందని ఆయన చెప్పాడు. అది పక్కనే కూర్చుని, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు తల ఊపింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్లల సాయంత్రపు చారు గురించే మాట్లాడింది.

ఆ వంటిల్లు నువ్వు చూడలేదు. తాటాకు కప్పు, కిటికీ లేదు. కొనే కట్టెలు చాలక పిల్లలు ఏరుకొచ్చే సరుగుడు ఆకు, పచ్చి కొమ్మలు. పొగగొట్టం పెట్టించాను. సముద్రపు గాలి ఎదురు తిరిగి పొగనంతా గొట్టంలోంచి లోపలికే తోసింది. కిరసనాయిలు పొయ్యి మీద అంతమంది పిల్లలకు అన్నం ఉడకదు. పని మానమంటే నా మొహం కూడా చూడదు.

మిగిలింది గ్యాసే. దానికి పొగ ఉండదక్కా, నీలంగా మండుతుంది. పైవాళ్ళకు అర్జీల మీద అర్జీలు పెట్టి సిమెంటు పర్మిట్టు తెచ్చాను. హాస్టలు ఊరి చివర్లోనే ఉంది, అక్కడికి దిబ్బ పిలుపుదూరం. అందుకని పొలిమేర అవతల, దిబ్బ పక్కనే తొట్టి కట్టిస్తున్నాను. అక్కడైతే ఎవరూ అడ్డు చెప్పరు. నా సర్వీసులో నేను తెలివిగా చేసిన పని ఇదొక్కటే అనుకుంటున్నాను.

పద్మనాభయ్య


విడవలూరు,
జూన్ 1960

పద్మనాభానికి,

నీ ఉత్తరం చూసి మస్తానమ్మకు వెంటనే రాశాను, మూటా ముల్లే సర్దుకుని వచ్చెయ్యమని. జవాబు వచ్చింది. "నీ ఇంట్లో మాత్రం కట్టెలపొయ్యి కాక ఏముందక్కా. నువ్వు పొయ్యి దగ్గరికి రానివ్వవు, నేను ఊరికే కూర్చుని తినలేను" అని.

ముందు కోపం వచ్చింది. తర్వాత ఆ కార్డు మళ్ళీ చూశాను. చిన్నప్పుడు దానికి అక్షరాలు దిద్దించింది నేనే. గుండ్రంగా, వరసగా రాసేది. ఈ కార్డులో అక్షరాలు వరస తప్పి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అది చూసి ఏడ్చాను. నాకు ఏడుపు చేతకాదని నువ్వు అంటూ ఉంటావు, వచ్చి చూడాల్సింది.

ఇంక నిన్ను ఏమీ అడగను. తొందరగా కట్టు.

అక్క


రేవుపాళెం,
సెప్టెంబరు 1960

శేషక్కా,

తొట్టి అయింది. బావిలాగా గుంట కట్టి, దానిమీద ఇనుప డ్రమ్ము బోర్లించాం. లోపల కుళ్ళి గ్యాసు పుడితే డ్రమ్ము పైకి లేస్తుంది. లేచింది కూడా. ముత్యాలయ్య కొబ్బరికాయ కొట్టాడు, నేను నలుగురిని పిలిచి చూపించాను. ఇల్లు అలకగానే పండగ కాదని నాకెవరూ గుర్తు చెయ్యలేదు.

వారం తిరక్కుండా డ్రమ్ము చతికిలబడింది. మళ్ళీ లేవలేదు. నీళ్ళు తక్కువేమో చూశాను, చిల్లులేమో చూశాను, పుస్తకం మొదటినుంచి చదివాను. చెత్తకు కొదవ లేదు. రేవు దగ్గర ఉప్పుచేపలు ఆరబెట్టేవాళ్ళు తమ చెత్తంతా పట్టుకుపొమ్మన్నారు, ముత్యాలయ్య రోజూ బండి నిండా తెచ్చి పోస్తున్నాడు. ఎంత పోసినా తొట్టి ఉలకదు పలకదు.

ఊళ్ళో నాకు పెంట ఇన్‌స్పెక్టరని పేరు పెట్టారు. దానికి బాధ లేదు, అది నిజమే. కానీ తొట్టి దగ్గరికి పోవాలంటే హాస్టలు వంటింటి ముందు నుంచే పోవాలి. లోపలినుంచి దగ్గు వినిపిస్తుంది. ఇదివరకు "అయిందా అన్నా" అని కేకేసేది. ఇప్పుడు అడగడం మానేసింది. చాలా అలసిపోయానక్కా.

పద్మనాభయ్య


విడవలూరు,
సెప్టెంబరు 1960

ఒరే పద్మనాభం,

నీ చదువు తగలెయ్య. ఊరగాయలో ఉప్పు ఎందుకు వేస్తారు? కుళ్ళకుండా ఉండడానికి. చేపకు ఉప్పు ఎందుకు పట్టిస్తారు? అందుకే. నువ్వు కుళ్ళబెట్టడానికి తొట్టి కట్టి అందులో బండ్ల కొద్దీ ఉప్పు పోశావు. అది ఇంక ఏ జన్మకు కుళ్ళుతుంది? నువ్వు పెట్టింది గ్యాసు కాదు, ఆవకాయ.

అంతా తోడి పారబోసి మంచినీళ్ళతో కడిగించు. పేడతో మొదలుపెట్టు. ఉప్పు తగిలిన చెత్త ఆ దరిదాపులకు రానివ్వకు. నాకు గ్యాసు సంగతి తెలియదు, ఉప్పు సంగతి తెలుసు.

అలసిపోయానని రాశావు. ఎవరు అలసిపోలేదు? ఇక్కడ నాట్లకు మనుషులు దొరక్క నేనే పొలంలో దిగాను. నడుము ఇంకా తిన్నగా నిలవలేదు. కానీ దాని కన్ను మన అలసట చూసి ఆగదు.

అక్క


రేవుపాళెం,
డిసెంబరు 1960

శేషక్కా,

నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజమైంది. తొట్టి తోడడానికి ఎవరూ రాలేదు. నేనూ ముత్యాలయ్యా దిగాం. ఆ ముచ్చట రాస్తే నువ్వు ఈ కాగితం ముట్టుకోవు. పేడతో మొదలుపెట్టి, సంత చెత్త, విస్తళ్ళు కొంచెం కొంచెం కలిపాం. డ్రమ్ము లేచింది, లేచి నిలబడింది. హాస్టలు దాకా గొట్టం వేసి పొయ్యి బిగించాను. మస్తానమ్మ పుల్ల గీసింది. చప్పుడు లేదు, పొగ లేదు. అది మంట మీద మొహం వంచి అలాగే ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది. ఆ ఒక్క పూట నేను బతికినందుకు సంతోషించాను.

ఒక్క పూటే. మర్నాడు తల్లులంతా వచ్చి పిల్లలను అన్నం ముందునుంచి లేపి తీసుకుపోయారు. వాళ్ళ పెద్ద నాగులమ్మ అనే ఆమె. నోరు గట్టిది గానీ మనిషి చెడ్డది కాదు. గొడవ పెట్టుకోవడానికి రాలేదు, నిజంగా భయపడి వచ్చింది. నాతో అన్న మాటలు ఇవి.

"జాతర అయినాక అమ్మోరిని పొలిమేర దాటిచ్చి ఆ దిబ్బ కాడ వదిలేసి, ఎనక్కి తిరక్కుండా వచ్చేటోళ్ళం సారూ. ఊళ్ళో రోగాలన్నీ ఆమెతో ఆడ దించి వస్తాం. నువ్వు గొట్టమేసి వాటిని మా బిడ్డల కూట్లోకి పిలస్తా ఉండావు."

ఎవరూ అడ్డు చెప్పరనుకున్న చోటు అదే. చెత్త పోసే దిబ్బ అని నేను చూశాను. పోలేరమ్మ మట్టిబొమ్మను ఏటా అక్కడే విడిచి వస్తారని ఎవరినీ అడగలేదు. మశూచి టీకాలు వేయించే ఉద్యోగస్తుణ్ణి, ఆ ఊరి మశూచిని ఎక్కడ దించి వస్తారో తెలుసుకోలేదు.

పిల్లలు రాకపోతే హాస్టలు మూసేస్తారు. వాళ్ళ చదువు పోతుంది, మస్తానమ్మ పని పోతుంది. గొట్టం ఊడదీశాను. ఇప్పుడు మళ్ళీ సరుగుడు ఆకే. వానలకు తడిసిన ఆకు.

పద్మనాభయ్య


విడవలూరు,
జనవరి 1961

పద్మనాభానికి,

నాగులమ్మ చెప్పినదాంట్లో నాకు తప్పు కనబడలేదు. నువ్వు అడక్కుండా పరాయివాళ్ళ దేవత ఇంట్లో పొయ్యి వెలిగించావు. కానీ దీనికి దారి లేకపోలేదు.

మనం ఏం చేస్తాం? కొత్త బియ్యం వస్తే ముందు దేవుడికి పెట్టి తర్వాత మనం తింటాం. ఆమె జాగాలో పుట్టిన నిప్పును ముందు ఆమెకు చూపించు. వచ్చే జాతరకు ఆ దిబ్బ మీదే గ్యాసు దీపం ఒకటి పెట్టు. మన దిబ్బ మీద దీపావళికి పెట్టమూ? అందరూ వచ్చి దండం పెట్టుకుంటారు. ఆమెకు ఇచ్చాక అది ప్రసాదం. ప్రసాదాన్ని ఏ తల్లి కాదంటుంది? అప్పుడు గొట్టం వాళ్ళే వేయమంటారు.

ఇది జరిగేదాకా వంటింట్లో తడి ఆకు వాడనివ్వకు. ఇక్కడినుంచి ఎండు కట్టెలు బండికి ఎత్తించి పంపుతున్నాను. జాతర దాటితే మన కష్టం గట్టెక్కుతుందని నా మనసు చెబుతోంది.

అక్క


రేవుపాళెం,
ఏప్రిల్ 1961

శేషక్కా,

జాతర అయింది. నువ్వు చెప్పినట్టే చేశాను. దిబ్బ మీద ఇనుప స్తంభం పాతి, పెట్రోమాక్సుకు పెట్టే మాంటిలు తగిలించి, గ్యాసు వదిలాను. అమ్మవారిని మోసుకొచ్చినవాళ్ళు ఆ తెల్లటి వెలుగు చూసి ఆగిపోయారు. ఎప్పుడూ వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయేవాళ్ళు కూర్చుండిపోయారు. నాగులమ్మ స్తంభానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నాకు కూడా దండం పెట్టారక్కా. పెంట ఇన్‌స్పెక్టరుకు.

మర్నాటినుంచి ఊరు మారిపోయింది. సంతలో ఆడవాళ్ళు చెత్తను తామే గంపలకెత్తి తెచ్చి తొట్టిలో వేసిపోతున్నారు. అమ్మవారి దీపానికట. ఉప్పు తగలకుండా ఏరి మరీ తెస్తున్నారు. ఇంత శుభ్రమైన వీధులు నా సర్వీసులో చూడలేదు. ముత్యాలయ్యకు బండి తోలే పని సగం తగ్గింది.

ఇంక ఇదే సమయమని నాగులమ్మ దగ్గరికి పోయి గొట్టం సంగతి ఎత్తాను. ఆమె నన్ను పసిపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "అమ్మోరికి ఇచ్చినాక అది అమ్మోరిది సారూ. పొలిమేర కాడ ఇచ్చింది ఎవరన్నా ఎనక్కి తెచ్చుకుంటారా?" అంది.

మన దేవుడు ఇంట్లో ఉంటాడు, పెట్టింది తిరిగి ఇస్తాడు. వాళ్ళ పోలేరమ్మను సాగనంపుతారు, ఆమెతో పంపింది తిరిగి రాదు. ఇది నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ముందు అపవిత్రమని వద్దన్నారు, ఇప్పుడు పవిత్రమని వద్దంటున్నారు.

పద్మనాభయ్య


విడవలూరు,
మే 1961

పద్మనాభానికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఉప్పు సంగతి తెలిసినట్టే దేవుడి సంగతీ తెలుసనుకున్నాను. ఆ సలహా నాది. గోరుచుట్టు మీద రోకటిపోటు పడితే పడింది గానీ, ఆ రోకలి నా చేతిలోది కావడం నాకు మింగుడుపడడం లేదు.

ఊరి లోపల ఇంకో తొట్టి కట్టు. లేదంటే ఎవరికీ చెప్పకుండా గొట్టం మట్టిలో పూడ్చి వంటింటికి వెయ్యి. పొయ్యి లోపల ఏం మండుతోందో బయట ఎవరికి తెలుస్తుంది. పాపం నాకు రానీ, నేను పడతాను.

అక్క


రేవుపాళెం,
ఆగస్టు 1961

శేషక్కా,

రెండూ చూశాను. ఇంకో తొట్టికి రాస్తే, ఉన్నదే జయప్రదంగా నడుస్తోంది కనుక రెండోది అనవసరమని పైనుంచి జవాబు. పెద్ద అధికారులు జీపులో వచ్చి దీపం చూసి, చెప్పులు విడిచి దండం పెట్టుకుని, నా పనిని మెచ్చుకుని పోయారు. నాకు ప్రమోషను మీద బదిలీ రావచ్చు.

గొట్టం పూడ్చే మాట మస్తానమ్మతో అన్నాను. పొయ్యి ఊదుతున్నది ఆపి లేచి నిలబడింది.

"వాళ్ళమ్మలకు తెలీకుండా ఆ పిలకాయలకు నేనేదీ వండనన్నా. నా కండ్లు పోతే పోయినాయి. వాళ్ళు నన్ను నమ్మి కూర్చుంటారు" అంది.

నేను తగవులాడాను. నీ కోసమే కదా ఇదంతా అని అరిచాను. జీవితంలో మొదటిసారి దానిమీద అరిచాను. అది చెంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. ఏడ్చిందో పొగకు తుడుచుకుందో నాకు తెలియలేదు.

కుడికంట్లో కూడా పొర దిగుతోంది. గిన్నెలు తడుముతోంది. నువ్వు ఒకసారి రావాలి.

పద్మనాభయ్య


విడవలూరు,
ఫిబ్రవరి 1962

పద్మనాభానికి,

కొత్త ఊళ్ళో చేరావని కార్డు అందింది. నీకు బదిలీ అయిన పదిహేను రోజులకు గానీ నాకు ఇక్కడినుంచి కదలడం కుదరలేదు. ఆలస్యమైంది, ఆ ఆలస్యం నాది. ఇప్పుడు పోయి చూసి వచ్చాను, అందుకే రాస్తున్నాను.

ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంటికి వెలుగు చీకటి తేడా తెలుస్తుంది, మనిషి ఆనవాలు తెలియదు. నా చేయి తడిమి, గాజులు లేని మణికట్టు పట్టుకుని "శేషక్కా" అంది. వంట మాన్పించారు. కానీ ఊరివాళ్ళు దాన్ని వదల్లేదు. నాగులమ్మే పంచాయతీలో మాట్లాడి, అమ్మవారి దీపం చూసుకునే పని ఇప్పించింది. పొద్దు గూకితే ముత్యాలయ్య గ్యాసు వదిలి వెలిగిస్తాడు, ఇది ఆ స్తంభం కింద కూర్చుని గాలికి ఆరిపోకుండా కనిపెట్టి ఉంటుంది. తిండికి లోటు లేదు, ఒక్కొక్క రోజు ఒక్కొక్క తల్లి తెచ్చి పెడుతుంది. నాతో రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. ఇక్కడ తనకు పని ఉందంది.

నేనూ పక్కన కూర్చున్నాను. నీ దీపం చాలా బాగా వెలుగుతోంది తమ్ముడూ. పొగ అనేది లేదు. అంతసేపు నిప్పు దగ్గర కూర్చున్నా దాని కళ్ళు ఒక్కసారి కూడా చెమ్మగిల్లలేదు. దిబ్బ పక్క గాలిలో హాస్టలు వంటింటి పొగ వాసన మాత్రం వస్తూనే ఉంది. అక్కడ ఇప్పుడు ప్రేమలీల అనే చిన్నపిల్ల వంటకు చేరింది. పోతూ పోతూ తొంగి చూశాను. పచ్చి కొమ్మలు ఊదుతూ, దగ్గుతూ, కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఉంది.

చీకటి పడ్డాక మన మస్తానమ్మ లేచి, స్తంభాన్ని తడుముకుని, రెండు చేతులూ ఆ వేడికి ఎత్తి కళ్ళకు అద్దుకుంది. పెదవులు కదులుతున్నాయి. కళ్ళు తిరిగి ఇమ్మని అడుగుతోంది కాబోలు అనుకున్నాను. ఏం మొక్కుకుంటున్నావే అని అడిగాను.

"ఆ వంటింట్లో పొగ తగ్గించమ్మా అని అడగతా ఉండానక్కా. ప్రేమలీలది చిన్న వయసు" అంది.

తెల్లారి బస్సు వచ్చేదాకా దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అక్క